ముసురులో పొడి చొక్కా

గురువారం మధ్యాహ్నం,
వంటింటి బల్ల దగ్గర నుంచి.

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నానమ్మ, మీ నాన్న, నేను ముగ్గురం క్షేమం. ఆరు రోజులుగా ముసురు పట్టి ఒక్క బట్టా ఆరకపోవడం తప్ప మాకు వేరే కష్టం లేదు. కొండమీద నువ్వూ, మీ వాతావరణ కేంద్రంలో తక్కిన ముగ్గురూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ఫోను తీగ తెగి ఇరవై రోజులైంది. ఎప్పుడు బాగుచేస్తారో కనుక్కుని రాయి. ఈ ఉత్తరం శనివారం మీకు సామాన్లు తెచ్చే బండిలో వస్తుంది. దీనితోపాటు ఒక పెద్ద కవరు కూడా ఉంటుంది. ఉత్తరం పూర్తిగా చదివేదాకా దాన్ని విప్పకు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వరసలో రాస్తాను, లేకపోతే ఒకటి తప్పిపోతుంది. నా మోకాలు నయం. ఎంత నయమో ఈ ఉత్తరం చివరికి నీకే తెలుస్తుంది. పైకప్పు కారుతోంది కానీ ఒక్కచోటే. అక్కడ బకెట్ పెట్టాను, గంటకు రెండు వేళ్ళ నీళ్ళు పడుతున్నాయి. నువ్వక్కడ గాజు గొట్టంతో వాన కొలుస్తావు, నేనిక్కడ బకెట్‌తో కొలుస్తాను. మీ నాన్నకు కొత్త కళ్ళద్దాలు వచ్చాయి. అయినా పాతవే పెట్టుకుంటున్నారు. అడిగితే, "కొత్తవాటితో చూస్తే ఇంట్లో దుమ్ము కనపడుతోంది. నీకెందుకు ఆ గొడవ?" అన్నారు.

నాలుగో ప్రశ్నకు జవాబు చాలా ఉంది. నీ నవల ఎలా ఉందో నిజం చెప్పమన్నావు. "మొహమాటపడకమ్మా, నువ్వు మొహమాటపడితే నాకు తెలిసిపోతుంది" అని కింద గీత కూడా గీశావు. సరే.

ప్రెస్సు నుంచి ప్రూఫులు రాగానే నోటుపుస్తకంలో నీ నవలకు ఒక పద్దు తెరిచాను. తరుములాటలు ఐదు. దెబ్బలాటలు ఏడు. పగిలిన అద్దాలు తొమ్మిది, వాటిని ఊడ్చినవాళ్ళు సున్నా. రెండు వందల ఎనిమిది పేజీల్లో నీ కథానాయిక అన్నం తిన్నది రెండుసార్లు, తల దువ్వుకున్నది ఒక్కసారి. నలభై ఏడో పేజీలో ఆమె ఎడమ భుజం కీలు తప్పింది. యాభై రెండో పేజీలో అదే భుజం మీద కాపలావాణ్ణి మోసుకుని మూడు అంతస్తులు దిగింది. మధ్యలో ఎవరైనా కట్టు కట్టారా అని రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఎవరూ కట్టలేదు.

నానమ్మకు మాత్రం ఈ లెక్కలేవీ పట్టలేదు. మధ్యాహ్నాలు పక్కన కూర్చుని నేను పైకి చదివితే ఆవిడ వినేది. చీకటి, గాలి, గిడ్డంగి గోడలు అని నువ్వు వర్ణన మొదలుపెట్టగానే చెయ్యి ఊపేది.

"అవన్నీ తర్వాత చదువుదువుగాని. వాడి ముక్కు పగిలిందా లేదా? అది చెప్పు ముందు."

"పగిలిందత్తయ్యా."

"ఒక్క ముక్కేనా? ఆ వెధవ చేసిన పనికి ఇంకో రెండు పళ్ళు కూడా రాల్చాల్సింది. అది నెమ్మదస్తురాలు కాబట్టి వదిలేసింది."

కాబట్టి దెబ్బలాటలకు ఇంట్లో ఓట్లు చెరిసగం.

నాకు నచ్చింది కూడా రాస్తాను, లేకపోతే పద్దు ఒకవైపే ఉంటుంది. ఆమెను పోలీసు మనిషిగా కాకుండా కుట్టుమిషన్లు బాగుచేసే అమ్మాయిగా పెట్టడం నచ్చింది. ఆగిపోయిన మిషను మీద చెవి ఆనించి, చక్రం సగం తిప్పి, "దీనికి రోగం లేదు, దీన్ని ఎవరో కావాలని ఆపారు" అంటుందే, ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను. బట్టల గిడ్డంగి యజమాని శవం ఎక్కడుందో తెలిసింది ఆ మాట వల్లే. ఇది నా కడుపున పుట్టిన పిల్ల రాసిందా అనుకున్నాను. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను.

ఇక ఐదో ప్రశ్న. "నవల్లో అమ్మ పాత్ర చూసి కోపం తెచ్చుకోలేదు కదా? అది నువ్వు కాదమ్మా" అని రాశావు.

నేను కాకపోతే ఆవిడకు నా కళ్ళజోడు తాడు ఎందుకు పెట్టావు? కొట్టు చీటీ వెనక కూడా రాసుకునే అలవాటు ఎందుకు పెట్టావు? ఆవిడ నవల్లో నాలుగుసార్లు వస్తుంది. నాలుగుసార్లూ ఒకటే మాట, "తిన్నావా?" మొదటి మూడుసార్లకు నేనూ నవ్వాను. నూట డెబ్బై ఒకటో పేజీలో నీ అమ్మాయి హంతకుడి గిడ్డంగిలో బట్టల బేళ్ళ వెనక ఊపిరి బిగబట్టి దాక్కుని ఉంటుంది. అప్పుడు ఫోను మోగుతుంది. "తిన్నావా?" ఆ చప్పుడుకి ఆమె పట్టుబడుతుంది, తల పగులుతుంది. కళ్ళు తెరిచి ఏమంటుంది? "మా అమ్మకి అంతకంటే వేరే ప్రపంచం లేదు."

పిచ్చుకా, ఇక్కడిదాకా రాసి కలం మూసి, లేచి బకెట్ పారబోసి వచ్చాను. ఒక సంగతి నీకు చెప్పాలి. మొదట్లోనే చెప్పాల్సింది.

ఆ పేజీ దగ్గర నేను ప్రూఫులు మూసేశాను. మిగిలిన ముప్పై ఏడు పేజీలు చదవలేదు. సోమవారం ప్రెస్సు గుమాస్తా వచ్చి గుమ్మంలో నిలబడి, "అయిందామ్మా?" అన్నాడు. అయిందన్నాను. అట్ట మీద "మొత్తం చూశాను, సరిగా ఉంది" అని రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను. అక్షరదోషాలు మాత్రం చూడమ్మా, కథ ముట్టుకోకు అని నువ్వు నామీద పెట్టిన పని ఒక్కటే. ఆ ఒక్క పనినీ కోపంతో సగంలో వదిలి, చేసినట్టు సంతకం పెట్టాను. పాలప్యాకెట్ మీది తారీఖు రెండుసార్లు చూసి గానీ తీసుకోని మనిషిని. ఇరవై ఎనిమిదేళ్ళ సంసారంలో చదవకుండా పెట్టిన సంతకం అదొక్కటే. అది నీ పుస్తకం మీద పెట్టాను.

సోమవారం, మంగళవారం బాగానే గడిచాయి. అంటే, బాగానే గడిచినట్టు తిరిగాను. నిన్న బుధవారం పొద్దున మీ నాన్న తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఈ ఇంట్లో ఒక్క పొడి చొక్కా కూడా లేదా?"

"ఆకాశాన్ని అడగండి."

"ఆకాశం ఆఫీసుకి వెళ్ళక్కర్లేదు. నేను వెళ్ళాలి."

తీగ మీంచి ఒక తడి చొక్కా లాగి, ఇస్త్రీపెట్టెతో గట్టిగా అదిమి, ఆవిరి పోయేదాకా రుద్ది ఇచ్చాను. వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి మెడ తడుముకున్నారు. "మెడ దగ్గర చల్లగా తగులుతోందేమిటి? కప్పని కుట్టావా ఇందులో?"

"కాలర్‌లో మూడు పొరలుంటాయి. ఇస్త్రీ వేడి లోపలి దాకా వెళ్ళదు. మధ్యాహ్నానికి ఒంటి వేడికి ఆరుతుంది, వెళ్ళండి."

ఆయన వెళ్ళారు. నాకు మాత్రం అట్ట మీది ఆ సంతకమే కళ్ళ ముందు కనపడుతోంది. ప్రెస్సువాళ్ళు ఇచ్చిన రెండో ప్రూఫు ప్రతి ఇంట్లోనే ఉంది కదా. పదకొండు గంటలకు తీసుకుని, ఆపిన చోటి నుంచి మొదలుపెట్టాను. నూట ఎనభై ఎనిమిదో పేజీలో పొరుగింటాయన పొద్దున ఏడింటికి హంతకుణ్ణి వాడి గుమ్మంలోనే నీలం చారల చొక్కాలో చూస్తాడు. తర్వాత గంటకే గిడ్డంగి గుమాస్తా హత్య. చచ్చిపోయిన యజమానికి వ్యాపారంలో వాటాదారే హంతకుడని నానమ్మ యాభయ్యో పేజీలోనే చెప్పేసింది, అది వేరే సంగతి. నీ అమ్మాయి వాడి ఇంట్లోకి వెనక కిటికీలోంచి దూకుతుంది. దెబ్బలాట, అంటే ఏడోది. రెండు వందల మూడో పేజీలో కాలర్ పట్టుకుని వాణ్ణి గోడకేసి కొడుతుంది. వాడు తెలివిగా, "దొంగనుకుని కొట్టాను. నేను పొద్దుటి నుంచి ఇల్లు కదల్లేదు" అంటాడు. అప్పుడు రెండు వందల ఆరో పేజీలో ఆమె వరండాలోకి పరిగెత్తి, తీగ మీది నీలం చారల చొక్కా పట్టుకుని అరుస్తుంది: "ఇంకా తడిగా ఉంది! గంట కిందటే రక్తం మరకలు ఉతికావు!" పోలీసులు బేడీలు వేస్తారు. కథ అయిపోయింది.

నేను తల ఎత్తి చుట్టూ చూశాను. తలుపుల మీద రెండు చీరలు, కుర్చీల వీపుల మీద లంగాలు, తీగ మీద నాలుగు చొక్కాలు. శుక్రవారం ఉతికినవి, శనివారం ఉతికినవి, అన్నీ తడే. లెక్కపెడితే పదకొండు. తడి చొక్కా ఉన్నవాడే హంతకుడైతే మన ఇంట్లో ఉరిశిక్షలు ఎన్ని పడాలి?

ముప్పై ఒకటో పేజీ తిప్పాను. నువ్వే రాశావు: "మూడు రోజులుగా ముసురు వదల్లేదు." చివరి పేజీ దాకా ఆ ముసురు వదలనే లేదు. ముసురులో తడి చొక్కా దేనికి సాక్ష్యం? చదివే ఏ ఇల్లాలైనా అక్కడ పుస్తకం మూసి నవ్వుతుంది. రోజూ వాన కొలిచి రాసే పిల్లవి, ఇంత పొరపాటు ఎలా చేశావా అనుకున్నాను. తర్వాత నీ పాత ఉత్తరం గుర్తొచ్చింది. మీ కేంద్రంలో హీటరు గది ఉందనీ, ఎంత వానలోనైనా గంటలో బట్టలు ఫెళఫెళలాడతాయనీ మురిసిపోతూ రాశావు. నాలుగేళ్ళుగా వాన కొలుస్తున్నావు కానీ వానలో బట్ట ఆరేసిన చెయ్యి కాదు నీది.

ప్రెస్సుకు మూడుసార్లు ఫోను చేశాను. ఎవరూ ఎత్తలేదు. అక్కడ మిషను తిరుగుతుంటే ఫోను వినపడదని గుమాస్తా ఒకసారి చెప్పాడు. అంటే మిషను తిరుగుతోందన్నమాట.

నానమ్మతో ఉన్నదంతా చెప్పాను. ఆవిడ నోరు తెరిచింది. "చదవకుండా సంతకం పెట్టావా? నువ్వా?" అని, వెంటనే "మరి ఇక్కడ నిలబడి నా మొహం చూస్తావేం? ఆ పిల్లయితే ఈపాటికి రెండు గోడలు దూకేది. పో!" అంది.

నోటుపుస్తకం, ప్రూఫు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని బయల్దేరాను. మొదటి బస్సు దొరికింది. రెండోది మలుపు తిరిగి వెళ్ళిపోతుంటే వెనక పరిగెత్తి అరిచాను, ఆపలేదు. మిగతా దూరం నడక కాదు, పరుగే. గాలికి గొడుగు వెల్లకిలా తిరిగింది. వీధి చివర మురుగుకాలువ పొంగి అడ్డంగా పారుతోంది. నీ కథానాయిక గోడలు దూకితే ముక్కు చిట్లించిన మనిషిని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఆ కాలువ దూకాను. అవతలి గట్టున దిగాను కూడా. కుడికాలి చెప్పు మాత్రం తెగింది. నీ ఐదు తరుములాటల పక్కన ఆరోది రాసుకో.

ప్రెస్సు లోపల మిషను గడగడలాడుతోంది. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పైకాగితం మీద రెండు వందల ఆరు అంకె కనపడింది. మిషను నడిపే ఆయన వీపు నావైపు ఉంది. "ఆపండి!" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకేం చెయ్యాలో తోచక ఆయన ముందుకు వెళ్ళి తడి గొడుగు మొహం మీద ఠపీమని విప్పాను. ఆయన అదిరిపడి మీట లాగేశాడు. మిషను ఆగింది.

"ఎవరమ్మా నువ్వు? పిచ్చా?"

"ఈ పుస్తకం రాసిన అమ్మాయి అమ్మని."

ప్రెస్సు యజమాని కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ గదిలోంచి వచ్చాడు. సంగతి విని, లోపలికి వెళ్ళి నేను సంతకం చేసిన అట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సంతకం మీదే కదమ్మా?"

"నాదే."

"మొత్తం చూశాను, సరిగా ఉంది అని రాసిందీ మీరే కదా?"

"నేనే. అబద్ధం రాశాను. చివరి ముప్పై ఏడు పేజీలు చదవలేదు."

పిచ్చుకా, ముక్కూమొహం తెలియని మనిషి ముందు, ఒంటికాలి చెప్పుతో నిలబడి ఆ మాట అన్నాను. కాలువ దూకడం దాని ముందు ఎంత! ఆయన కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. నోటుపుస్తకం తెరిచాను. ఏ రోజు ఎన్ని బట్టలు ఉతికానో, ఏ రోజు ఎన్ని మడతపెట్టానో అందులో ఉంటుందని నీకు తెలుసు, నువ్వూ మీ నాన్నా దాని మీద ఎన్ని జోకులు వేశారో నాకూ తెలుసు. పోయిన ఏడాది ముసురులో మందం చొక్కాకు రెండు రోజులు, పలచటిదానికి ఒకటిన్నర; ఈ ఏడాది ఐదు రోజులైనా ఏదీ ఆరలేదు. వరసగా చూపించాను. "గంట కిందట ఉతికిందో, మొన్న ఉతికిందో చెయ్యి పెట్టి ఎవరూ చెప్పలేరండీ. ముసురులో తడి చొక్కా వింత కాదు. పొడి చొక్కా వింత."

"అంటే?"

"వాడు చొక్కా తీగ మీద వెయ్యకూడదు, ఒంటి మీదే వేసుకోవాలి. పొరుగాయన పొద్దున చూసిన చొక్కా కనపడకపోతే అందరూ అడుగుతారు కదా. అందుకే ఉతికి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి అదే వేసుకున్నాడు. పైకి పొడిగా ఉంటుంది. కాలర్ లోపల మాత్రం తడి అలాగే ఉంటుంది. దెబ్బలాటలో ఆ పిల్ల కాలర్ పట్టుకోనే పట్టుకుంది. ఇల్లు కదలని మనిషికి ఒంటి మీది చొక్కా అంత తొందరగా ఉతికి ఆరబెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?"

యజమాని గడ్డం గోక్కున్నాడు. "ఇస్త్రీ చేస్తే మొత్తం ఆరిపోదూ?"

అప్పటిదాకా మొహం తుడుచుకుంటున్న మిషను ఆయన నవ్వాడు. "ఆరదు సార్. ఇవాళ నేనేసుకొచ్చింది అలాంటిదే. మా ఆవిడ పొద్దున ఇస్త్రీతో ఆరబెట్టింది. ఇదిగో, చూడండి" అని పైగుండీ విప్పి కాలర్ మడత వెనక్కి తిప్పాడు. యజమాని రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. వేళ్ళు వెలుగులో పెట్టుకుని చూసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు.

"నలభై ఏళ్ళుగా అచ్చు వేస్తున్నానమ్మా. ప్రూఫులో అక్షరం తప్పు పట్టినవాళ్ళున్నారు. హంతకుణ్ణి తప్పు పట్టినవాళ్ళు లేరు" అని, మిషను వైపు తిరిగి, "పదమూడో ఫారం దించెయ్" అన్నాడు.

పదహారు పేజీలు ఒక పెద్ద కాగితం మీద అచ్చవుతాయట, దాన్ని ఫారం అంటారట. మిగతా పన్నెండు అయిపోయాయి, నీ ముగింపు ఉన్నది పదమూడోది. అప్పటికి అరవై కాగితాలే తిరిగాయి. పన్నెండో ఫారంలో ఒకచోట "తలుపు" బదులు "తలపు" వెళ్ళిపోయింది. దానికి నేనే జవాబుదారీ. ఎవరైనా అడిగితే మా అమ్మ చదవకుండా సంతకం పెట్టింది అని చెప్పు.

"మార్చిన పేజీ మీరే రాసివ్వండి, రేపే వేసేస్తాను" అన్నాడాయన. నేను వద్దన్నాను. కథ ముట్టుకోకని నువ్వు చెప్పావు. ఒకసారి నీ మాట తప్పిన చెయ్యి ఇది, రెండోసారి తప్పదు. వచ్చే శనివారం బండిలో నీ జవాబు దిగేదాకా మిషను ఆగుతుంది. నువ్వు పాత ముగింపే ఉంచమంటే అదే అచ్చవుతుంది, నేను మారు మాట్లాడను.

మిషను ఆయన పుస్తకాల కట్టల పురికొసతో నా చెప్పు బిగించి కట్టాడు. ఇంటికి వచ్చేసరికి నానమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "ఆపావా?" "ఆపాను." "ఎవర్నైనా కొట్టావా?" "గొడుగుతో బెదిరించాను." "ఆ మాత్రం చాలు" అంది, ఎంతో తృప్తిగా. సాయంత్రం మీ నాన్న అంతా విని మెడ తడుముకుని, "అయితే పొద్దున నా మెడ ఊరికే చల్లబడలేదన్నమాట. పుస్తకంలో నా మెడ పేరు వేస్తారా?" అన్నారు. నవ్వి నవ్వి నాకు పక్కటెముకలు నొప్పి పుట్టాయి. మోకాలికి మాత్రం ఏమీ కాలేదు.

ఇప్పుడు కవరు విప్పు. పదమూడో ఫారం ప్రూఫు అందులో ఉంది. రెండు వందల ఆరో పేజీలో పదకొండు లైన్ల పక్కన రాశాను, అన్నీ పెన్సిల్‌తోనే. రబ్బరు కూడా పెట్టాను. నచ్చని చోట చెరిపెయ్. కాలర్ కుట్టు విప్పి లోపలి పొరలో మరక వెతకడం నీ అమ్మాయికి చేతనైన పనే కాబట్టి అది కూడా చేర్చాను.

ఒక్క చోట మాత్రం నాకు తెగలేదు. కాలర్‌లో మూడు పొరలుంటాయని కుట్టుమిషన్లు చూసే పిల్లకు తెలుసు. ముసురులో ఆ మూడు పొరలు ఎలా ఆరతాయో ఆమెకు తెలిసే దారి లేదు. రెండు వందల ఎనిమిది పేజీల్లో ఆమె ఒక్క జేబురుమాలు కూడా ఉతకలేదు, నేను పద్దు చూశాను. ఆ సంగతి ఆమెకు ఎవరో చెప్పి ఉండాలి. ఆ పేజీలో ఒక లైను ఖాళీ ఉందట, ప్రెస్సాయన కొలిచి చెప్పాడు. దాన్ని నేను ముట్టుకోలేదు. "తిన్నావా" అని అడిగే ఆవిడకు ఇంకో మాట కూడా వచ్చేమో, నువ్వే ఆలోచించు.

చలిగా ఉంటుంది, స్వెట్టర్ వేసుకో. తిన్నావా?

ఇట్లు,
ఈ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాకే సంతకం పెడుతున్న
మీ అమ్మ